అందరికీ తెలిసినవే ముందు మాయమవుతాయి

ఫైలు దాచుకోవడానికి కంప్యూటర్‌లో నొక్కే ఆ చిన్న బొమ్మను ఒకసారి పరిశీలనగా చూడండి. ఒక నలుచదరపు బిళ్ల, దానికో లోహపు రేకు, పేరు రాసుకునేందుకు ఒక చీటీ. పదిహేనేళ్ల పిల్లల్ని అదేమిటని అడిగితే "సేవ్ బటన్" అంటారు. తప్పు జవాబేమీ కాదు. వాళ్లకు తెలిసినంతవరకు అది ఆ పనికి పెట్టిన గుర్తు, అంతే. అలాంటి బిళ్ల నిజంగానే ఉండేదని, దాన్ని జేబులో వేసుకుని తిరిగేవాళ్లని, కంప్యూటర్‌లోకి తోస్తే టక్కున కూర్చునేదని, అది చదివేటప్పుడు లోపలి నుంచి గరగరమని చప్పుడు వచ్చేదని చెబితే వింతగా చూస్తారు.

ఆ బిళ్ల పేరు ఫ్లాపీ. ఐబీఎం మొదటి ఫ్లాపీని 1971లో అమ్మకానికి తెచ్చింది. అది 8 అంగుళాల వెడల్పు ఉండేది. మన బొమ్మలో ఉన్నది ఆ తర్వాత వచ్చిన మూడున్నర అంగుళాల రకం. అందులో పట్టేది 1.44 మెగాబైట్లు. ఇప్పటి ఫోన్‌తో తీసిన ఒక్క ఫొటోకు కూడా చాలాసార్లు ఆ చోటు చాలదు. 1998లో ఆపిల్ కంపెనీ ఐమ్యాక్‌ను ఫ్లాపీ డ్రైవ్ లేకుండానే బయటికి తెచ్చినప్పుడు ఇదెలా కుదురుతుందని చాలామంది అడిగారు. 2011కల్లా సోనీ కూడా ఫ్లాపీల అమ్మకం ఆపేసింది. పుట్టుక నుంచి పోవడం దాకా నలభై ఏళ్లు, అంటే సుమారుగా ఒక మనిషి ఉద్యోగంలో చేరి రిటైర్ అయ్యేంత కాలం. సోనీ అమ్మకం ఆపిన ఏడాది పుట్టిన పిల్లలు ఇవాళ అదే బొమ్మ నొక్కి స్కూలు ప్రాజెక్టులు సేవ్ చేసుకుంటున్నారు.

తరం మారేసరికి వస్తువు పోతుంది, అది కొత్త విషయం కాదు. ఇక్కడ నిజంగా ఆలోచించాల్సింది వస్తువుతో పాటు పోయే రెండో దాని గురించి. ఆ వస్తువును వాడేటప్పుడు చేతులు నేర్చుకున్న పని, దాని చుట్టూ పుట్టిన జోకులు, భయాలు, మర్యాదలు, "అర్థమైందిగా" అని ఒకరికొకరు చేసుకునే సైగలు. వస్తువు కనీసం మ్యూజియంలోనో అటక మీదో మిగులుతుంది. ఈ రెండోదాన్ని దాచే అటక లేదు.

ఎంత వేగంగా పోతుందో చెప్పడానికి స్లైడ్ రూల్ కన్నా మంచి ఉదాహరణ దొరకదు. 1620ల్లో ఇంగ్లండ్‌లో విలియం ఆట్రెడ్ రూపొందించిన, గుణకారాలు, భాగహారాలు చేసిపెట్టే ఈ లెక్కల కర్ర మూడున్నర శతాబ్దాలు ఇంజినీర్ల చేతిలో ఉంది. వంతెనలు, విమానాలు, రాకెట్లు దాని సాయంతోనే లెక్క కట్టారు. 1972లో హ్యూలెట్ ప్యాకర్డ్ జేబులో పట్టే సైంటిఫిక్ కాలిక్యులేటర్ హెచ్‌పీ-35ను తెచ్చింది. 1970ల నడుమకల్లా స్లైడ్ రూల్ తయారీ దాదాపు ఆగిపోయింది. మూడున్నర శతాబ్దాల అలవాటు నాలుగైదేళ్లలో చెరిగిపోయిందన్నమాట. స్లైడ్ రూల్ దశాంశ బిందువు ఎక్కడ పెట్టాలో చెప్పదు, కాబట్టి జవాబు సుమారుగా ఎంత ఉండాలో ముందే మనసులో అంచనా వేసుకోవాల్సి వచ్చేది. ఆ అంచనా వేసే అలవాటు ఏ పుస్తకంలోనూ ప్రత్యేక పాఠంగా ఉండేది కాదు, కర్రతోనే వచ్చేది. కర్ర పోయాక ఆ అలవాటును విడిగా నేర్పాల్సి వచ్చింది.

డయల్ ఫోను సంగతి చూద్దాం. వేలు రంధ్రంలో పెట్టి, కుడివైపున్న లోహపు కొక్కెం తగిలేదాకా తిప్పి, వదిలేయాలి. చక్రం దానంతటదే వెనక్కి తిరుగుతూ కిర్‌ర్ర్‌మంటుంది. అలా వెనక్కి వచ్చేటప్పుడే అసలు పని జరుగుతుంది. 1 తిప్పితే లైన్లో కరెంటు ఒక్కసారి తెగి కలుస్తుంది, 5 తిప్పితే ఐదుసార్లు, సున్నా తిప్పితే పదిసార్లు. సెకనుకు సుమారు పదిసార్లు తెగుతుంది. కాబట్టి సున్నాలు, తొమ్మిదులు ఎక్కువున్న నంబరు తిప్పడం విసుగు. చివరి అంకె దగ్గర వేలు జారిందంటే మొత్తం మళ్లీ మొదటి నుంచి తిప్పాలి. ఈ చిన్న యాంత్రిక విషయం పటాల మీద కూడా ముద్ర వేసింది. 1947లో అమెరికాలో ఏరియా కోడ్లు కేటాయించినప్పుడు న్యూయార్క్‌కు 212, లాస్ ఏంజిలెస్‌కు 213, షికాగోకు 312 ఇచ్చారు. ఎక్కువమంది ఫోన్ చేసే చోట్లకు చక్రం తక్కువ తిరిగే అంకెలన్నమాట. చక్రాల ఫోన్లు పోయి దశాబ్దాలైనా ఆ కోడ్లు అలాగే ఉన్నాయి. 212 ఎందుకు 212 అయ్యిందో అక్కడ పుట్టి పెరిగినవాళ్లలోనే ఎంతమందికి తెలుసుంటుంది?

మాటల్లోనూ ఇలాంటి అవశేషాలే. చేతిలో ఉన్నది పెట్టడానికి చోటే లేని ఫోనైనా "సరే, పెట్టేస్తున్నా" అంటాం. రిసీవర్‌ను దాని గూట్లో తిరిగి పెట్టిన రోజుల మాట అది. చెప్పిందే చెప్పేవాళ్లను "అరిగిపోయిన రికార్డు" అంటాం. గాడి అరిగిపోయి ముల్లు ఒకేచోట తిరగడం చూసినవాళ్లు తగ్గిపోయినా మాట మాత్రం గట్టిగానే ఉంది. ఈమెయిల్‌లో ఇంకొకరికి కూడా పంపాలంటే "సీసీ" పెడతాం, అంటే కార్బన్ కాపీ. రెండు కాగితాల మధ్య నల్లటి కార్బన్ పేపర్ పెట్టి టైప్ కొట్టిన కాలం ఆ రెండక్షరాల్లో దాక్కుని ఉంది. ఒకప్పుడు సినిమా నిడివిని రీళ్లలో చెప్పుకునేవారు. వెయ్యి అడుగుల రీలు తెర మీద సుమారు పదకొండు నిమిషాలు నడిచేది. ఇప్పుడు రీలంటే వేలితో పైకి తోసేసే కొన్ని సెకన్ల వీడియో. ఇంకా వెనక్కి వెళితే గడియారం ఉంది. రోజును అరవై గడియలుగా లెక్కపెట్టిన కాలంలో గడియ అంటే 24 నిమిషాలు. ఆ లెక్క పోయింది, గంటలు చూపించే యంత్రానికి మాత్రం దాని పేరే మిగిలింది.

అయితే ఇక్కడ ఒక తేడా గమనించాలి. నుడికారం బతకడానికి దాని వెనకున్న వస్తువు తెలియనక్కర్లేదు. రికార్డు ఎలా తిరిగేదో తెలియకపోయినా "అరిగిపోయిన రికార్డు" అర్థమవుతుంది. కానీ ఒక ప్రస్తావన, ఒక జోకు, ఒక ఎత్తిపొడుపు అలా బతకవు. అవి వినేవాళ్ల దగ్గర ముందే ఉన్న జ్ఞాపకాన్ని తట్టి లేపాలి. ఆ జ్ఞాపకం లేని చోట వివరించి చెప్పాలి, వివరించిన జోకుకు ఎవరూ నవ్వరు. నుడికారాలు వందల ఏళ్లు నిలుస్తూ ప్రస్తావనలు పాతికేళ్లకే మూగబోవడానికి కారణం ఇదే.

కథల మీద దీని దెబ్బ ఇంకా పెద్దది. రావాల్సిన మనిషి రాడు, ఎదురుచూసే మనిషికి కబురు అందదు, ఆ అపార్థం మీద కథంతా నడుస్తుంది. ఒక తరం వరకు అది గుండె పిండే సన్నివేశం. ఫోను జేబులో ఉండగా పుట్టిన పాఠకులకు మొదట వచ్చే ప్రశ్న "ఒక్క కాల్ చేస్తే అయిపోయేది కదా?" వాళ్లకు మనసు లేక కాదు, కబురు అందకపోవడమనే టెన్షన్ వాళ్ల ఒంటికి ఎప్పుడూ తగల్లేదు. టెలిగ్రామ్ వచ్చిందంటేనే ఇంట్లో అందరి ముఖాలు ఎందుకు వాడిపోతాయో ఒక పాత నవలలో విడిగా చెప్పరు, చెప్పాల్సిన అవసరం అప్పట్లో లేదు. మాటకింత అని డబ్బు కట్టాల్సిన, హడావిడిగా వచ్చే కబురు కాబట్టి సాధారణంగా చావుకో ప్రాణం మీదికో తప్ప ఎవరూ పంపేవారు కాదని అందరికీ తెలుసు. అమెరికాలో వెస్ట్రన్ యూనియన్ 2006 జనవరిలో టెలిగ్రామ్‌ను ఆపింది, భారతదేశంలో 2013 జూలైలో ఆగింది. ఆ పేజీలోని భయం అర్థం కావడానికి ఇక మీదట కింద ఒక వివరణ కావాలి.

అందరికీ తెలిసిందాన్ని ఎవరూ రాయరు. ఈ మొత్తం వ్యవహారానికి మూలం ఇదేననిపిస్తుంది.

క్యాసెట్‌ను తీసుకుందాం. ఫిలిప్స్ దాన్ని 1963లో తెచ్చింది. సోనీ వాక్‌మన్ 1979లో వచ్చి దాన్ని నడుముకు తగిలించింది. ఈ తేదీలు ఎక్కడైనా దొరుకుతాయి. క్యాసెట్ పై అంచున ఎడమ పక్క ఒక చిన్న ప్లాస్టిక్ పలక ఉంటుంది. దాన్ని విరగ్గొడితే ఆ వైపు మళ్లీ రికార్డు కాదు, ఉన్న పాటలు భద్రం. తర్వాత మనసు మారి దాని మీదే వేరేది రికార్డు చేసుకోవాలనుకుంటే ఆ రంధ్రం మీద సెలోటేపు అంటించాలి. రేడియోలో పాట రికార్డు చేయాలంటే రెండు బటన్ల మీద వేళ్లు పెట్టి కాచుకోవాలి, అనౌన్సర్ మాట ఆగి పాట మొదలయ్యే ఆ అరక్షణాన్ని పట్టుకోవాలి. టేపు బయటికి వచ్చి చిక్కుపడితే చక్రంలో ఆరుపలకల పెన్సిల్ దూర్చి మెల్లగా తిప్పాలి. గుండ్రటి పెన్సిల్ అయితే జారిపోతుంది. ఇవన్నీ కోట్లమందికి చేత్తో తెలుసు. ఎవరూ ఎవరికీ పాఠంగా చెప్పలేదు, పక్కన కూర్చుని చూసి నేర్చుకున్నారు. పక్కన కూర్చోవడం ఆగిన రోజున అది నేర్పే బడి మూతపడ్డట్టే.

మిస్డ్ కాల్ కూడా అలాంటిదే. ఆసియాలో, ఆఫ్రికాలో చాలా దేశాల్లో కాల్‌కు డబ్బు పడే రోజుల్లో ఒక రింగుకు కట్ చేస్తే "చేరాను", రెండిస్తే "కిందికి రా", మళ్లీ మళ్లీ ఇస్తే "నువ్వే చెయ్యి" అని ఇళ్లలో, స్నేహాల్లో ఎవరి ఒప్పందాలు వాళ్లకుండేవి. నిజంగా అదొక భాష. దానికి నిఘంటువు లేదు, ఫోన్ కంపెనీల లెక్కల్లోనూ దాని అర్థం దొరకదు. కాల్స్ చౌకయ్యాక కొద్ది ఏళ్లలోనే ఆ భాష మాట్లాడేవాళ్లు తగ్గిపోయారు.

ఇది మన కాలపు జబ్బేమీ కాదు. రోమన్ల కాలం నాటి కంచు పన్నెండు ముఖాల బొమ్మలు బ్రిటన్, ఫ్రాన్స్, జర్మనీ ప్రాంతాల్లో వందకు పైగా దొరికాయి. పిడికిట్లో పట్టేవి కొన్ని, ఇంకాస్త పెద్దవి కొన్ని. ప్రతి ముఖానికీ ఒక గుండ్రటి రంధ్రం, రంధ్రాల సైజులు వేరువేరు, ప్రతి మూలనా ఒక చిన్న గుండు. ఎంతో ఓపికతో పోతపోసిన పనితనం. అవి దేనికి వాడేవారో ఇవాళ ఎవరికీ తెలియదు. కొవ్వొత్తి స్తంభమని, కొలత పరికరమని, పూజా వస్తువని రకరకాల ఊహలున్నాయి. రోమన్లు రాయనిది లేదు, చట్టాల నుంచి వంటల దాకా రాశారు. ఈ వస్తువు గురించి మాత్రం ఒక్క వాక్యం దొరకలేదు. వాడేవాళ్లందరికీ తెలిసిన వస్తువు కావడం వల్లే అలా జరిగి ఉండవచ్చు. ప్రాచీన ఈజిప్టు వాళ్లు పుంట్ అనే దేశానికి ఓడలు పంపారు. క్రీస్తు పూర్వం 15వ శతాబ్దంలో రాణి హత్‌షెప్సుత్ ఆ ప్రయాణాన్ని గుడి గోడల మీద బొమ్మలతో సహా చెక్కించింది. అక్కడి ఇళ్లు, చెట్లు, తెచ్చిన సరుకు అన్నీ ఉన్నాయి. ఆ దేశం ఎక్కడుందో మాత్రం చెక్కలేదు. పండితులు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు.

జ్ఞాపకం ఎంతకాలం నిలుస్తుందన్న ప్రశ్న మీద గట్టి పనే జరిగింది. మనిషి ఒంటరిగా గుర్తుపెట్టుకోడని, తన చుట్టూ ఉన్న సమూహం సాయంతోనే గుర్తుపెట్టుకుంటాడని ఫ్రెంచి సామాజికశాస్త్రవేత్త మోరిస్ హాల్బ్‌వాక్స్ 1925లో వాదించాడు. ఆ దారిలోనే జర్మన్ పండితుడు యాన్ ఆస్మన్, నోటిమాటగా సాగే జ్ఞాపకానికి ఆయువు 80 నుంచి 100 ఏళ్లు, అంటే మూడు నాలుగు తరాలు అని చెప్పాడు. అది దాటి నిలవాలంటే పుస్తకమో పండగో కట్టడమో ఏదో ఒక ఆధారం కావాలి. 2019లో నేచర్ హ్యూమన్ బిహేవియర్ పత్రికలో వచ్చిన ఒక అధ్యయనం పాటలు, సినిమాలు, పరిశోధన పత్రాలు, పేటెంట్లు, ప్రముఖుల జీవితాల మీద జనం ధ్యాస ఎలా తగ్గుతుందో లెక్కగట్టింది. మొదట వేగంగా పడిపోయే దశ, తర్వాత నిదానంగా కరిగే దశ. నోటి మీద నలిగే ఆ మొదటి దశ పాటలకు ఐదారేళ్లు, ప్రముఖులకు ఇరవై ముప్పై ఏళ్లు ఉంటుందని తేలింది.

దేశాధ్యక్షులకే దిక్కులేదు. అమెరికాలో 1974, 1991, 2009లలో కాలేజీ విద్యార్థులను తమ అధ్యక్షుల పేర్లు గుర్తున్నంతవరకు రాయమన్నారు. మొదటి కొందరు, చివరి కొందరు, మధ్యలో లింకన్, అంతే, మిగతావాళ్లు మసకబారారు. హెన్రీ రోడిగర్, కె. ఆండ్రూ డిసోటో 2014లో ఆ ఫలితాలను ప్రచురిస్తూ, రెండో ప్రపంచయుద్ధం ముగింపు నాటి అధ్యక్షుడు ట్రూమన్ 2040 నాటికి 1901 దాకా అధ్యక్షుడిగా ఉన్న మెకిన్లీ స్థాయిలో మరుగున పడతాడని అంచనా వేశారు. అణుబాంబు వేయించిన మనిషి పేరే ఇంత త్వరగా జారిపోతుంటే, క్యాసెట్ పలక విరగ్గొట్టడం ఎవరికి గుర్తుండాలి?

పాటల విషయంలో మాత్రం ఒక ఆశ్చర్యం ఉంది. 2019లోనే పరిశోధన పత్రిక ప్లాస్ వన్‌లో వచ్చిన ఇంకో అధ్యయనం ప్రకారం, అమెరికన్ యువత కొత్త పాటలను బాగా గుర్తుపట్టారు, వెనక్కి వెళ్తూ 2000 నాటి పాటల దగ్గరికి వచ్చేసరికి గుర్తింపు వేగంగా తగ్గింది. కానీ 1960ల నుంచి 1990ల దాకా వచ్చిన పాటల దగ్గర ఆ తగ్గుదల ఆగి, సమంగా నిలిచింది. అంతకు ముందువి మళ్లీ మెల్లగా జారాయి. తాము పుట్టకముందు వచ్చిన పాటలు వీళ్లకెలా తెలుసు? దీనికి జవాబు 2013 నాటి కరోల్ క్రమ్‌హాన్సల్, జస్టిన్ జుప్నిక్‌ల పరిశోధనలో కొంత దొరుకుతుంది. ఇరవై ఏళ్ల వాళ్లను అడిగితే, తమ కాలపు పాటలతో పాటు తల్లిదండ్రులు యువకులుగా ఉన్నప్పటి పాటలతోనూ, అంతకు ముందు 1960ల పాటలతోనూ గట్టి అనుబంధం కనిపించింది. ఇంట్లో ఒకటే రేడియో, ఒకటే టీవీ, బండిలో ఒకటే స్టీరియో. పెద్దవాళ్లు పెట్టుకున్నది పిల్లల చెవిన పడింది. ఎవరూ నేర్పాలని నేర్పలేదు.

నిజమైన ఆందోళన ఇక్కడే ఉంది. ఇప్పుడు ఒకే గదిలో నలుగురుంటే నలుగురి చెవుల్లో నాలుగు ఇయర్‌ఫోన్లు, చేతుల్లో నాలుగు తెరలు. పాత పాట, పాత సినిమా మునుపెన్నడూ లేనంత సులువుగా దొరుకుతున్నాయి, వెతికితే. దొరకడం వేరు, చెవిన పడటం వేరు. పేరు తెలియనిదాన్ని ఎవరూ వెతకరు. ఫోను ఏది చూపించాలో నిర్ణయించే లెక్క నిన్న చూసినదానికి దగ్గరగా ఉన్నదాన్ని చూపిస్తుంది, అమ్మ పదహారేళ్లప్పుడు విన్నదాన్ని కాదు. వస్తువులు త్వరగా మారడం కన్నా, తరాల మధ్య ఇలా ప్రమేయం లేకుండా జరిగే వినికిడి ఆగిపోవడమే పెద్ద నష్టమని గట్టిగా చెప్పాలి.

డిజిటల్‌గా దాచేశాం కాబట్టి భయం లేదనుకునేవాళ్లకు ఇంగ్లండ్‌లో జరిగింది చెప్పాలి. 1086లో అక్కడ దేశంలో చాలా భాగం సర్వే చేసి తోలు కాగితం మీద రాయించిన డూమ్స్‌డే పుస్తకం ఉంది. దానికి 900 ఏళ్లు నిండిన సందర్భంగా 1986లో బీబీసీ కొత్త డూమ్స్‌డే తయారుచేసింది. బడిపిల్లలతో సహా పది లక్షల మందికి పైగా తమ ఊళ్ల గురించి రాశారు, ఫొటోలు పంపారు. అదంతా సీడీ లాంటి, దానికన్నా పెద్ద లేజర్‌డిస్క్‌లకు ఎక్కించారు. పదిహేనేళ్లు తిరిగేసరికి ఆ డిస్క్‌లు చదివే యంత్రాలు దొరకడం గగనమైంది. 2002 ప్రాంతంలో లీడ్స్, మిషిగన్ యూనివర్సిటీల వాళ్లు పాత యంత్రాన్ని అనుకరించే సాఫ్ట్‌వేర్ రాసి దాన్ని బయటికి తీయాల్సి వచ్చింది. తొమ్మిది వందల ఏళ్ల తోలు కాగితాన్ని మాత్రం లాటిన్ వచ్చినవాళ్లు ఆ రోజూ చదివారు, ఈ రోజూ చదువుతున్నారు.

"ఈ కాలం పిల్లలకు ఏమీ తెలియదు" అనే మాట ఈ చర్చలో తప్పకుండా వస్తుంది. అది న్యాయం కాదు. డయల్ ఫోను ముందు తడబడే పిల్లను చూసి నవ్వే పెద్దవాళ్లు, టెలిగ్రాఫ్ మీట చేతికిస్తే ఒక్క అక్షరం పంపలేరు. కొన్నేళ్ల క్రితం కాలేజీ అధ్యాపకులకు ఒక వింత ఎదురైంది. ఫైలు ఏ ఫోల్డర్‌లో పెట్టావని అడిగితే కొందరు విద్యార్థులకు ఆ ప్రశ్నే అర్థం కాలేదు. ఏది కావాలన్నా పేరు టైప్ చేసి వెతికే అలవాటుతో పెరిగారు వాళ్లు. బీరువా, అందులో అర, అరలో ఫైలు అన్న ఊహే వాళ్ల మనసులో లేదు. అసలు ఫోల్డర్ బొమ్మ కూడా ఒక అట్ట ఫైలు బొమ్మే కదా. అది వాళ్ల లోపం కాదు, వాళ్ల పక్కన కూర్చుని అట్ట ఫైలు తెరిచినవాళ్లు లేరు. పెద్దవాళ్లకు తెలియని వందల సంగతులు వాళ్ల చేతులకూ తెలుసు, వాటినీ ఎవరూ రాసిపెట్టడం లేదు.

అన్నీ దాచలేం. దాచాల్సిన పని కూడా లేదు. కానీ మ్యూజియంలో డయల్ ఫోనును అద్దాల పెట్టెలో పెట్టి కింద సంవత్సరం రాస్తే దాచినట్టు కాదు. ఒకరిని తిప్పమని, తొమ్మిది తర్వాత చక్రం వెనక్కి వచ్చేదాకా ఆగే ఆ వేలిని వీడియో తీస్తే, చివరి అంకె తప్పినప్పుడు ఏమనేవాళ్లో కూడా చెప్పించుకుంటే, అప్పుడు కొంత మిగులుతుంది. అడగాల్సిన ప్రశ్న "అప్పట్లో ఏం వాడేవాళ్లు?" అన్నది కాదు. "ఎలా పట్టుకునేవాళ్లు, పాడైతే ఏం చేసేవాళ్లు, దేనికి భయపడేవాళ్లు?" అన్నది.

వాట్సాప్‌లో బ్లూ టిక్కులు వచ్చింది 2014 నవంబరులో. "రాత్రి పదకొండుకు బ్లూ టిక్ పడింది, టైపింగ్ అని రెండుసార్లు కనిపించి ఆగిపోయింది" అని ఇవాళ ఎవరైనా కథలో రాస్తే, చదివేవాళ్లకు అవతలి మనిషి మౌనం మొత్తం అర్థమవుతుంది. అరవై ఏళ్ల తర్వాత అదే వాక్యం చదివే మనిషికి టిక్కు ఏమిటి, నీలం ఎందుకు, ఆగిపోయింది టైపింగా మనిషా అని ఎవరో ఒకరు చెప్పాలి. అది చెప్పగలిగినవాళ్లు ఇప్పుడు ఇంటింటా ఉన్నారు, ఎవరూ రాయడం లేదు.